దండెం మీద ఇనుప అంగీ

మొదటి షిఫ్టు ఉన్న రోజుల్లో జమున నాలుగున్నరకే లేస్తుంది. నల్లా వచ్చేది ఆ వేళకే కాబట్టి ముందు డ్రమ్ము నింపుతుంది, పొయ్యి మీద అన్నం పెడుతుంది, మొగుడు సదానందానికి టిఫిను డబ్బా కడుతుంది. ఆ తరువాత వాకిట్లోకి వచ్చి, ముందురోజు మధ్యాహ్నం ఫోను ఆటలో తాను తయారు చేసిన అంగీని దండెం మీంచి తీసి రెండు మూడుసార్లు దులుపుతుంది. దులపకపోతే ఆ దీవిలోని ఇసుక ఇల్లంతా రాలుతుంది. ఎయిటింక్లైన్ కాలనీలో బొగ్గు దుమ్ముకే రోజుకు రెండుసార్లు ఊడవాలి, దానికి తోడు ఈ ఇసుక ఒకటని విసుక్కుంటుంది.

ఆ ఆటను ఫోనులో పెట్టింది కూతురు సంతోషి. కరీంనగర్‌లో నర్సింగు చదువుతూ హాస్టల్లో ఉంటుంది. తల్లీకూతుళ్లు ఒకే దీవిలో తిరగొచ్చు, ఆ సాకుతో రోజూ మాట్లాడుకోవచ్చని పెట్టింది. ఆటలో మనిషి ఒట్టి చేతులతో ఒక దీవిలో పడతాడు. గడ్డి పీకాలి, రాయి కొట్టాలి, మృగాల నుంచి ప్రాణం కాపాడుకోవాలి, అందుకు ఒంటికి కవచాలు చేసుకోవాలి. సీరియళ్లు చూసి చూసి విసిగిపోయిన జమునకు ఇది బాగా పట్టుబడింది. ఆమె చేసిన మొదటి నార అంగీ మరునాడు పొద్దున దండెం మీద సదానందం లుంగీ పక్కన వేలాడుతూ కనిపించింది. అతను దాన్ని తొడుక్కుని, చంకల దగ్గర కొంచెం బిగుతుగా ఉందని చెప్పి బొగ్గుబావిలో డ్యూటీకి పోయాడు.

కాలనీలో చాలామంది ఫోన్లలో ఈ ఆట ఉంది. దండెం మీదికి దిగినవి మాత్రం జమున చేసినవే. ఎందుకని ఎవరూ అడగలేదు. కొందరు పెట్టిన పచ్చడి ఏడాదైనా బూజు పట్టదు, ఇదీ అలాంటి చెయ్యే అనుకున్నారు. ఏ ఇంటి దండెం మీద వేలాడితే ఆ ఇంటి మనిషికే అది పనికొస్తుంది. పక్కింటాయన ఒకసారి సరదాకు తొడుక్కుంటే పొడిపొడిగా రాలిపోయింది. బావి మీద పని పురమాయించే ఓవర్‌మన్ రఘుపతి కూడా ఒక్క మాటే అన్నాడు. "ఏమన్న ఏసుకో అన్నా, లైటు బెల్టు మాత్రం పైకి కనవడాలె. రూలు రూలే."

దేనితో చేసింది దేనికి పనికొస్తుందో సంతోషి ఫోనులో నేర్పింది.

"నారది తేలిక అమ్మా. ఎండకు సల్లగుంటది. కని తోడేలు ఒక్కసారి కొరికితె చినుగుతది."

"మరి తోలుది?"

"తోలు గట్టిదే, కని ఎండల ఉడుకుతది. పురుగుల పెంకులతోని చేస్తె ఇంకా గట్టి, కని దెబ్బ తగిలినకొద్ది పగుల్తది. అన్నిటికన్న పెద్దది ఇనుము. మీద ఏం పడ్డ లోపలి మనిషికి ఏం గాదు. బరువు మాత్రం బాగుంటది. ఉరుకుడు రాదు, ఉక్కపోస్తది."

"పాడైతె?"

"దేనితోని చేస్తె దానితోనే అతుకెయ్యాలె. నారకు నార, ఇనుముకు ఇనుము."

సదానందానికి నారదే నచ్చింది. బావి లోపల ఉక్కపోతకు మామూలు చొక్కానే ఒంటి మీద నిలవదు. నార అంగీ గాలి ఆడేది, మెడ చుట్టూ వెడల్పుగా తెరిచి ఉండేది. ఎందుకు నచ్చిందో అతను చెప్పలేదు. అసలు అతను ఇంట్లో బావి ముచ్చటే ఎత్తడు. తండ్రి రాయమల్లు కూడా ఎత్తేవాడు కాదు. కింద జరిగింది కిందే వదిలేసి, ఒంటి మీద మిగిలిన నలుపును స్నానం నీళ్లతో కాలవలోకి పంపి, అప్పుడు అన్నానికి కూర్చోవాలి. ఇరవై రెండేళ్ల కాపురంలో జమునకు తెలిసింది ఇంతే: మొగుడు బొగ్గు తీసిన చోట పైన బండ కూలకుండా చెక్క దిమ్మలు నిలబెడతాడు. చెబితే ఆడవాళ్లు భయపడతారని ఈ మగవాళ్ల నమ్మకం. చెప్పకపోతే భయపడరని వాళ్లకు ఎవరు చెప్పారో!

సదానందంతో జతగా పనిచేసే ఎల్లేశం మాత్రం కడుపులో ఏదీ దాచుకోలేడు. పెళ్లి కాలేదు, రెండిళ్ల అవతల తల్లి సారవ్వతో ఉంటాడు. షిఫ్టు దిగి వచ్చి అన్నీ ఆమెకు చెప్పేస్తాడు. ఒకరోజు నల్లా దగ్గర సారవ్వే అంది. "మనోళ్లను పిల్లర్లు తీసేకాడ ఏసిండ్రట బిడ్డా."

పిల్లర్లు తీయడమంటే ఏమిటో బావి ఊళ్లో పుట్టిన జమునకు ఎవరూ చెప్పనక్కరలేదు. బొగ్గు తవ్వేటప్పుడు బండను మోయడానికి నడుమ బొగ్గునే స్తంభాలుగా వదులుతారు. చివరికి ఆ స్తంభాలను కూడా తవ్వుకుంటూ వెనక్కి వస్తారు. వదిలేసి వచ్చిన చోట బండ కూలుతుంది. కూలాలి కూడా. అది కూలే వేళకు మనుషులు ఇవతల ఉండాలి, అంతే.

ఆ మధ్యాహ్నమే జమున ఇనుము కోసం బయలుదేరింది. ఇనుప రాయి దీవిలో ఉత్తరం వైపు కొండ మీద ఉంటుంది, దాని చుట్టూ తోడేళ్లు. మూడుసార్లు చచ్చి మళ్లీ మొదటి నుంచి నడిచింది. రాయి తెచ్చాక కొలిమిలో కరిగించాలి, కరిగించడానికి బొగ్గు కావాలి. "ఆటల గూడ బొగ్గేనా!" అని నవ్వింది కానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. పందొమ్మిది రోజులు పట్టింది. ఇరవయ్యో రోజు పొద్దున ఇనుప అంగీ బరువుకు దండెం నేలకు ఆనింది.

సదానందం దాన్ని చాలాసేపు చూశాడు. మెడను మూసేసి గడ్డం దాకా వచ్చే అంగీ అది.

"మెడకాడ గింత మీదికెందుకు?"

"పానం ఉండేది ఆడనే గదా," అంది జమున.

అతను ఆ ఇనుప మెడను వేలితో తడిమాడు. భార్య కళ్ల కింద నలుపు చూశాడు, అంగీ తొడుక్కున్నాడు. షేర్ ఆటో ఒక పక్కకు ఒరిగితే డ్రైవరు అతన్ని నడుమ కూర్చోమన్నాడు. జమున గేటు దగ్గర నిలబడి, చాలా రోజుల తరువాత గుండెల నిండా గాలి పీల్చుకుంది.

ఇనుప అంగీ తొడిగిన పన్నెండో రోజు బావిలో మంచమంత బండ పడింది. సదానందం దాని కింది నుంచి లేచి దుమ్ము దులుపుకున్నాడు. ఇనుము భుజం దగ్గర సొట్టపడింది, లోపలి మనిషికి గీత కూడా పడలేదు. పక్కనే ఉన్న ఎల్లేశం ఎడమ పాదం మాత్రం బండ కింద ఇరుక్కుంది.

ఆ సంగతి వినగానే జమునకు కలిగింది సంతోషమే. దాచడమెందుకు, ఆ మాట తరువాత ఆమే ఒప్పుకుంది. తన కష్టం ఫలించిందనుకుంది. సాయంత్రం ఎల్లేశానికి జావ కాచుకుని దవాఖానకు పోయింది.

సారవ్వ కొడుకు మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. "కాలి ఏళ్లు మూడు తీసేసిండ్రు," అంది. తరువాత జమున చెయ్యి పట్టుకుంది. "నీ మొగనికేం గాలేదు, మంచిదైంది. నేనేం పగతోని అంటలేను బిడ్డా. కని ఆ ఇనుము మెడను మూస్తది గదా. మావోడు ఆ మెడను నమ్ముకోనే లోపటికి పోతుండె."

"మెడేంది అత్తా?"

సారవ్వ ఆమెను వింతగా చూసింది. "నీకు చెప్పలేదా? బండ పడే ముందు సన్నటి రాతి రవ్వ రాల్తది. దుమ్ము రాలినట్టె ఉంటది, ఎవ్వలకు తెల్వది. నీ మొగని మెడకు తెలుస్తది. రాయమల్లు మెడకు గూడ తెలిసేదట. ఉరుకుండ్రి అన్నడంటె అందరు ఉరుకుడే, ఎన్కకు చూసేసరికి బండ పడుడే. పదేండ్ల సంది ఆరుగురు ఆ మెడ మీదనే బతుకుతుండ్రు."

జమున ఇంటికి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. సదానందం అన్నానికి కూర్చుంటే కంచం ముందు నిలబడింది.

"ఎందుకు చెప్పలే?"

"చెప్తె బాయికి పంపుతుంటివా?"

"ఇనుము వద్దని అనకపోతివా మరి!"

"ఎందుకు వద్దంటవని నువ్వడిగితె ఏం చెప్పాలె?" అతను కంచంలోకి చూస్తూ అన్నాడు. "పందొమ్మిది దినాలు కండ్లు గుంజుకపోయేదాంక చేసినవ్. నాకు నోరు రాలే జమునా."

కోపం, సిగ్గు, జాలి ఒక్కసారే వచ్చి జమున బోరున ఏడ్చింది. ఏడ్చాక కూతురికి ఫోను చేసింది.

"మెడకాడ కోస్తె రాదానే?"

"అది ఒక్కటే ముక్క అమ్మా. కోసుడు ఆటలనే లేదు. విప్పితె మొత్తం విప్పుడే, అప్పుడు సగం ఇనుమే వాపస్ వస్తది."

"సగం వస్తె సగమే రానియ్యి."

"నీకేమన్న పిచ్చా? బాపు బండ కిందికెళ్లి లేసచ్చిండు. ఆ ఇనుము లేకపోతె ఏమైతుండె?"

"మిగిలిన అయిదుగురేం గావాలె?"

"వాళ్లకు వాళ్ల ఇండ్లళ్ల ఎవ్వలు లేరా?" అని సంతోషి ఏడుస్తూ ఫోను పెట్టేసింది. చెడ్డ పిల్లేం కాదు. తండ్రి సంగతి వచ్చేసరికి ఏ కూతురైనా అదే అంటుంది.

జమున ఇనుమును విప్పి, నార అంగీ చేసింది. వారం రోజులు సదానందం అదే వేసుకుని పోయాడు. ఆ వారమంతా ఆమె మధ్యాహ్నం మూడింటికి గేటు చప్పుడయ్యేదాకా నోట్లో మెతుకు పెట్టలేదు. తెలియక భయపడటం ఒక ఎత్తు, తెలిసి భయపడటం ఇంకో ఎత్తు.

ఎనిమిదో రోజు పొద్దున నల్లా విప్పి వాకిట్లోకి వస్తే దండెం మీద రెండు అంగీలు ఉన్నాయి. ఒకటి తాను చేసిన నారది. రెండోది ఇనుముది, సొట్ట లేకుండా కొత్తగా మెరుస్తోంది. ఆటలో తల్లీకూతుళ్ల పెట్టె ఒకటే. జమున విప్పగా మిగిలిన సగం ఇనుముకు, క్లాసులు ఎగ్గొట్టి తాను కొండెక్కి తెచ్చిన సగం కలిపి సంతోషి చేసింది. తల్లి చెయ్యి కూతురికి వచ్చింది.

డ్రమ్ము నిండి నీళ్లు వాకిలంతా పారుతున్నా జమున కదలలేదు. వేసుకుంటే ఈయన తప్పకుండా బతుకుతాడు. వేసుకోకపోతే ఆరుగురూ బతకొచ్చు, కానీ అందరికన్నా లోపల ఉండేవాడు ఈయనే. లోపల సదానందం మంచం దిగిన చప్పుడైంది. జమున ఇనుప అంగీని రెండు చేతులా ఎత్తుకుని పోయి కూలర్ వెనక పెట్టి, మీద గోనెసంచి కప్పింది. ఎవరికోసం ఎవరిని పంపుతున్నానని తనను తాను అడుగుతూనే నార అంగీ తెచ్చి మొగుడికి ఇచ్చింది.

ఆటో హారను కొట్టింది. జమున గేటు దాకా పరుగెత్తింది. ఒక్క పిలుపు పిలిస్తే చాలు, ఆటో ఆగుతుంది. పిలవలేదు.

పదిన్నరకు సదానందం మెడ మీద రవ్వ రాలింది. "ఉరుకుండ్రి!" అని అరిచాడు. ఎల్లేశం బదులు కొత్తగా వచ్చిన ఆగయ్యతో సహా అయిదుగురూ అతన్ని దాటి ఉరికారు. చివరి వాడు దాటేదాకా ఆగి అప్పుడు అతను ఉరికాడు. ఇంకో రెండు అడుగులైతే బయటపడేవాడే. బండ అంచు వీపు మీద రెక్కల నడుమ తగిలింది. ఇనుము ఉంటే లేచి దులుపుకునేవాడు. ఇనుము ఉంటే అసలు అరిచేవాడే కాదు.

కరీంనగర్ దవాఖానలో డాక్టర్లు ప్రాణానికి భయం లేదన్నారు. కాళ్ల సంగతి ఇప్పుడే చెప్పలేమన్నారు. మెడ వెనక మాత్రం స్పర్శ పోయింది, అది తిరిగి రాదన్నారు.

సంతోషి కాలేజీ యూనిఫాంలోనే పరుగెత్తుకొచ్చింది. మంచం పట్టె పట్టుకుని నిలబడింది. "నేను ఇనుముది పంపిన గదా బాపు. ఎందుకు ఏసుకోలే?"

సదానందం ఆ అంగీని చూడనే లేదు. కూతురి ముఖం చూశాడు, తరువాత భార్య వైపు చూశాడు. కాసేపటికి అతనికి అర్థమైంది.

"నేనే వద్దన్న బిడ్డా. ఉక్కపోస్తదని."

మంచి అబద్ధం. జమున బతికినన్నాళ్లూ దాని చాటున ఉండొచ్చు. ఆ ఇంట్లో రెండు తరాలుగా ఒకరినొకరు కాపాడుకున్నది అలాగే.

"గట్ల చెప్పకు," అంది జమున మొగుడితో. కూతురి వైపు తిరిగింది. "నేనే కూలర్ ఎనుక దాచిన. ఆయనకు తెల్వది."

సంతోషి తల్లిని కొట్టేలా చూసింది. గిరుక్కున తిరిగి బయటికి పోయింది. వరండాలో అయిదుగురు మగవాళ్లు నేల మీద కూర్చుని ఉన్నారు, స్నానాలు కూడా చేయకుండా అదే నలుపుతో వచ్చేశారు. ఆమెను చూసి లేచి నిలబడ్డారు. ఆగయ్యకు ఇరవై అయిదేళ్లు కూడా ఉండవు, గోడ వైపు తిరిగి ఏడుస్తున్నాడు. సంతోషి వాళ్ల ముందు చాలాసేపు నిలబడింది.

లోపలికి వచ్చి మంచానికి అవతలి వైపు కూర్చుంది. "నిన్ను ఇప్పుడే మాఫ్ చేసుడు నాతోని కాదమ్మా," అంది.

"చెయ్యకు," అంది జమున.

ఆమె సదానందం తల పక్కన కూర్చుని, దిండు కిందుగా చెయ్యి పోనిచ్చి అతని మెడ మీద పెట్టింది. వెచ్చగానే ఉంది. అతనికి కంటి కొసన ఆమె మోచెయ్యి కనబడింది.

"చెయ్యి పెట్టినవా?"

"పెట్టిన."

"తెలుస్తలేదు."

జమున చెయ్యి తీయబోయింది.

"ఉండనియ్యి," అన్నాడు సదానందం.