పాటకీ పాటకీ మధ్య

"ఇంక నువ్వా పెట్టె సర్దక్కర్లేదులే. ఈ పెళ్ళికి క్యాసెట్టే," అన్నాడు మురళీకృష్ణ, గుమ్మంలో చెప్పులు విడుస్తూ.

పాత పంచెముక్క తడిపి పిండి, రికార్డులు తుడుస్తున్న పుష్పావతి తలెత్తలేదు. తుడిచిన రికార్డునే మళ్ళీ తుడిచింది.

నూజివీడు బజారులో వాళ్ళకి మైకుసెట్ల కొట్టుంది. మామిడికాయల కాలమూ పెళ్ళిళ్ళ కాలమూ ఒక్కసారే వస్తాయి గనక వేసవిలో చుట్టుపక్కల ఏ ఊళ్ళో పందిరి పడినా చెట్టుకి కట్టే హారన్ వాళ్ళదే. మురళీకృష్ణ పాటలు వేస్తే పెళ్ళికి నిండుదనమని పేరు. ఆ పేరు వెనకున్న సంగతి ఇంట్లోవాళ్ళకి తప్ప తెలియదు. ఏ పెళ్ళికైనా ముందురోజు వంటిల్లు కడుక్కుని, పుష్పావతి రికార్డుల రేకుపెట్టె ముందేసుకుని కూర్చునేది. విడిదిలో ఏది మోగాలి, తలంబ్రాలకి ఏది, భోజనాల వేళ ఏది, పిల్లను పంపేటప్పుడు ఏది అని ఒక్కొక్కటే లోలోపల పాడుకుని చూసుకునేది. పెళ్ళికూతురికి తల్లి ఉందో లేదో కూడా అడిగి తెలుసుకునేది. తల్లిలేని పిల్ల పెళ్ళిలో అమ్మ పాట పడనిచ్చేది కాదు. అలా వరసగా పేర్చి ఇస్తే మురళీకృష్ణ చేసేదల్లా పైనున్నది తీసి పెట్టి ముల్లు ఆనించడమే. పందిట్లో ఆ వరస ఎలా మోగుతుందో ఆమె ఒక్కసారీ వినలేదు. తనూ వస్తానని ఒకప్పుడు అడిగితే అత్తగారు అమృతమ్మ, "మైకుపెట్టె పక్కన ఆడది కూర్చుంటే జనం పెళ్ళికూతుర్ని చూస్తారా, నిన్ను చూస్తారా?" అంది. మురళీకృష్ణ పడీపడీ నవ్వాడు. ఆ తర్వాత ఆమె మళ్ళీ అడగలేదు.

ఎనభై నాలుగు వేసవిలో ఆ ఇంటికి రెండు కొత్తవి వచ్చాయి. ఒకటి టేప్ రికార్డర్, రెండోది తోడికోడలు కమల. కమల బెజవాడ పిల్ల, ఇంటర్ దాకా చదివింది. పుట్టింట్లో ఇలాంటి మిషనే ఉందట. "బటన్లన్నీ తెలిసిన పిల్ల. ఇక వరసా గిరసా అన్నీ తనే చూసుకుంటుంది," అని మురళీకృష్ణ రికార్డులన్నీ కమల గదిలోకి చేర్పించాడు. మోసింది మాత్రం పుష్పావతే.

వైరు కలిపితే జుయ్యిమని మోత వస్తోందని, ప్లేయర్ మీద పాట వేసి, దాని ఎదురుగా టేప్ రికార్డర్ పెట్టి పట్టేవారు. దగ్గర్లో ఏ చప్పుడైనా అదీ రీల్లో పడుతుంది. అందుకని ఇంట్లో కొత్త చట్టాలు పుట్టాయి. కమల గదిలో ఉన్నంతసేపూ పుష్పావతి రోట్లో పచ్చడి నూరకూడదు. బిందె దించితే మోగకూడదు. "ఆ గాజులు కాస్త పైకి ఎగదోసుకోవే," అన్నాడు మొగుడు. కమలకి కుర్చీ. కమలకి మధ్యలో మజ్జిగ. ఆ మజ్జిగ చిలికిందీ, గ్లాసు చప్పుడు కాకుండా గుమ్మంలో పెట్టి వచ్చిందీ పుష్పావతి. "పాపం, పొద్దుట్నించీ కూర్చునే ఉంది. నడుం పట్టేసుంటుంది," అని జాలిపడింది అత్తగారు. ఏళ్ళ తరబడి రేకుపెట్టె ముందు వంగిన నడుం గురించి ఆవిడ ఒక్కనాడూ అడిగిన పాపాన పోలేదు.

పుష్పావతి కళ్ళల్లో నిప్పులు పోసుకుంది. దాచుకోవడమెందుకు, కమల అన్నం తింటే కుళ్ళు, జడ వేసుకుంటే కుళ్ళు, మధ్యాహ్నం కాసేపు కునుకు తీస్తే కుళ్ళు. ఆ పిల్ల వేళ్ళు రికార్డు అంచు పట్టుకుంటుంటే తన బిడ్డని పరాయివాళ్ళు ఎత్తుకుని పోతున్నట్టుండేది. అక్కయ్యా అని నోరారా పిలిస్తే మరీ మండేది. కాస్త పొగరుబోతైనా బాగుండేది, హాయిగా తిట్టుకోవడానికి వీలుండేది. ఈ ఇంట్లో వంట తనదే, అంట్లు తనవే, అవి ఎవరు తీసుకుంటామన్నా ఇచ్చేసేది. పాటల వరస ఒక్కటే ఇది నాది అనుకుంది. సరిగ్గా దాన్నే పట్టుకుపోయారు. అందుకని ఒకటే కోరుకుంది, కమల వరస తప్పాలి. పందిట్లో నలుగురూ నవ్వాలి. అప్పుడు రేకుపెట్టె దానంతటదే మళ్ళీ తన ముందుకి వస్తుంది. గది బయట కూర్చుని పప్పులో రాళ్ళు ఏరుతూ, కమల తడబడ్డప్పుడల్లా నోరు మూసుకుని ఊరుకుంది.

చివరిదాకా ఊరుకోలేకపోయింది. తలంబ్రాల పాట అయిపోగానే కమల తరవాతి రికార్డు కోసం వెతుక్కుంటూ కూనిరాగం తీసింది. అది పిల్లను పంపే పాట. పుష్పావతి చేట పక్కన పడేసి లోపలికి వెళ్ళింది. నాలుగు మాటలు గట్టిగానే అంది. కావలసిన రికార్డు తీసి చేతిలో పెట్టింది. బయటికొచ్చాక తన మీద తనకే ఒళ్ళు మండింది. చేతికి చిక్కిన అవకాశాన్ని చేజేతులా పాడుచేసుకుంది. ఇప్పుడు పెళ్ళి బ్రహ్మాండంగా జరుగుతుంది, కమలకి పేరొస్తుంది.

పెళ్ళి రెడ్డిగూడెంలో, మామిడికాయల వ్యాపారి నారాయణరావు గారింట్లో. మిషన్ కోసం కమల వెళ్ళాలన్నారు. "కొత్తకోడలు ఒక్కతే ఎలా వెళ్తుంది? పుష్పా, నువ్వు తోడెళ్ళు," అంది అత్తగారు. ఇన్నాళ్ళకి పందిరి చూసే యోగం పట్టింది, అదీ కమలకి తోడుగా.

తోటలోనే పందిరి వేశారు. కమల మిషన్ అమర్చి, క్యాసెట్టు పెట్టి, ఒక పాట మోగించి చూపించింది. మురళీకృష్ణ కుర్చీ లాక్కుని కూర్చుని, "ఇంక నువ్వెళ్ళి ఆడవాళ్ళలో కూర్చోమ్మా. బటన్ నొక్కడమేగా, నేను చూసుకుంటా," అన్నాడు. కమల మొహం చిన్నబోయింది. బాగా అయింది అనుకుంది పుష్పావతి. కడుపులో చల్లగా అనిపించింది. కానీ పక్కన కూర్చున్న కమల అటే చూస్తూ, పెదాలతో పాట వరస లెక్కపెట్టుకుంటుంటే ఆ చల్లదనం ఎంతోసేపు నిలవలేదు.

విడిది పాటలు కమల కూర్చినవే. బాగున్నాయి. ఆ మాట ఒప్పుకోవడానికి పుష్పావతికి ప్రాణం మీదకొచ్చింది. తలంబ్రాల పాట మొదలయ్యేసరికి మాటలాడుకుంటున్నవాళ్ళు కూడా ఆగి విన్నారు. పాట చివరికొస్తుండగా నారాయణరావు తన భుజం మీది కొత్త కండువా తీసి మురళీకృష్ణకి కప్పాడు.

"ఏం వరసయ్యా బాబూ! మా పిల్ల మనసు కనిపెట్టినట్టు కూర్చావు."

"ఏళ్ళ అనుభవమండీ. ఇది ఒకళ్ళు చెబితే వచ్చేది కాదు," అన్నాడు మురళీకృష్ణ వినయంగా.

పాట అయిపోయింది. చెట్టు మీది హారన్‌లోంచి ఒక కూనిరాగం, దాని వెనకే గాజుల చప్పుడుతో సహా పుష్పావతి గొంతు వచ్చింది.

"అది కాదు కమలా! నెత్తిన తలంబ్రాలు ఉండగానే పిల్లని పంపించేస్తావా? ఆ చిలకల బొమ్మ అట్టది తియ్యి."

"ఇదా అక్కయ్యా?"

"ఆఁ, అదే. నేను కాపురానికొచ్చిన దగ్గర్నించీ మీ బావగారికి ఇలాగే పేర్చి ఇస్తున్నా. ఆయనకేం తెలుసు, పైనున్నది తీసి పెట్టడం తప్ప?"

ఆ వెంటనే చిలకల బొమ్మ పాట మొదలైంది. ఆ రోజు రికార్డు మార్చే కంగారులో కమల రీలు ఆపలేదన్నమాట. ముందు ఆడవాళ్ళ వైపు ఒకావిడ కిసుక్కుమంది. తర్వాత పందిరంతా గొల్లుమంది. పీటల మీదున్న పెళ్ళికూతురు కూడా తల దించుకుని నవ్వింది. నారాయణరావు కండువా వైపు ఒకసారీ, ఆడవాళ్ళ వైపు ఒకసారీ చూశాడు.

మురళీకృష్ణ ఆడవాళ్ళ దగ్గరికొచ్చి పళ్ళు నూరుతూ గొంతు తగ్గించాడు. "ఇంటికెళ్ళగానే ఆ వాగుడు చెరిపెయ్యి కమలా. ఇంకో పెళ్ళిలో మోగిందంటే నా పరువు దక్కదు." పెళ్ళాం వైపు చూడను కూడా చూడకుండా వెళ్ళిపోయాడు.

పుష్పావతి కమల వైపు తిరిగింది. "నా గొంతు పడిందని నీకు తెలీదటే?" అంది.

"తెలుసక్కయ్యా. మొన్ననే విన్నాను. చెరిపేద్దామని బటన్ మీద వేలు కూడా పెట్టాను."

"మరెందుకు ఊరుకున్నావు?"

కమల చీర కొంగు వేలికి చుట్టుకుంది. "ఆ వరసంతా బావగారిదే అని అందరూ మెచ్చుకుంటారుగా. అది తల్చుకుంటే కుళ్ళు పుట్టింది."

పుష్పావతి ఆ పిల్ల మొహంలోకి మొదటిసారి సరిగ్గా చూసింది. ఇన్నాళ్ళూ తను ఎవరి మీద పడి ఏడవాలో వాళ్ళని వదిలేసి, దీని మీద పడి ఏడ్చింది.

"చెరపకు," అంది. "వచ్చే పెళ్ళి క్యాసెట్టులో పాటలకి ముందే పడాలి. ఈ వరస కూర్చింది పుష్పావతి, కమల అని. నువ్వే చెప్పు, నీ గొంతు బాగుంటుంది."

కమల కళ్ళు తుడుచుకుని తలూపింది.

"పేర్లు ఆ వరసలోనే చెప్పాలి. నాదే ముందు," అంది పుష్పావతి.