గేరుబాక్సు బోల్టుకు తెల్ల టేపు

గేరుబాక్సును మోసే బోల్టు, పానా పెట్టకముందే, ఉత్త వేళ్ళకే ఊడి మెకానిక్ చేతిలోకి వచ్చేసింది.

కారు కింద పడుకునే ఆమె దాన్ని తిప్పి చూసింది. బోల్టు చుట్టూ ఉండే మరల గాడుల మధ్య అల్యూమినియం పోగులు మెలికలు తిరిగి మెరుస్తున్నాయి. బోల్టుకేం కాలేదు. అది దిగాల్సిన రంధ్రంలోని మరలే ఒలుచుకొచ్చేశాయి. ఇప్పుడు గేరుబాక్సు మిగిలిన రెండు బోల్టుల మీద బిక్కుబిక్కుమంటూ వేలాడుతోంది.

కస్టమరు బండి అయితే "రేపు రండి" అనేదే. ఇది అమ్మ బండి. మధ్యాహ్నమే అమ్మకి డ్రైవింగ్ పరీక్ష.

"ఏమైందే? అంత నిశ్శబ్దంగా ఉన్నావు?" పైనుంచి అమ్మ గొంతు. అద్దాలు తుడిచిందే తుడుస్తోంది.

"ఏం లేదమ్మా. చిన్న పని."

"నువ్వు చిన్న పని అన్నావంటే ఇంజను కింద పడిందన్నమాట."

అమ్మకిది రెండోసారి. క్రితంసారి రోడ్డు దాటుతున్న పిల్లి కోసం బండి ఆపింది. అది వెళ్ళిపోయాక కూడా, వెనకాల పిల్లలుంటాయేమోనని కదలకుండా కూర్చుంది. ఫెయిలు చేశారు. ఈసారి మాత్రం మొక్కల నర్సరీ నడిపే ఆయన మాటిచ్చాడు: చేతిలో లైసెన్సు ఉంటే వచ్చే వారం నుంచి మొక్కలు చేరవేసే వ్యాను తోలే పని అమ్మదే. లేకపోతే ఇంకెవరికో ఇచ్చేస్తాడు. పరీక్షకు సొంత బండి తీసుకెళ్ళాలి. ఈ పూట తప్పితే మళ్ళీ వంతు ఎప్పుడొస్తుందో తెలీదు.

మెకానిక్ బోల్టును లైటు కిందికి తెచ్చింది. నూనె జిడ్డు మధ్య ఏదో తెల్లగా అంటుకుని ఉంది. గోటితో లాగింది. కుళాయి కారకుండా మరల చుట్టూ చుట్టే పల్చటి టేపు!

గేరుబాక్సు బోల్టులో నీళ్ళేం పారవు. దానికి టేపు చుట్టే మనిషి ఈ లోకంలో ఒక్కడే ఉంటాడు: ప్లంబరు.

చిక్కేమిటంటే, ఆ షెడ్డులో ఇద్దరు ప్లంబర్లున్నారు. సగం షెడ్డు ఆమె గ్యారేజీ. మిగతా సగం నాన్నదీ, ఆమె భర్తదీ. మామా అల్లుళ్ళు కలిసి పైపుల పని చేస్తారు.

"ఇద్దరూ ఇలా రండి!"

వచ్చారు. నాన్న వస్తూనే గోడ మీది క్యాలెండరు వంక శ్రద్ధగా చూడడం మొదలుపెట్టాడు.

"ఈ బోల్టు ఎవరు ముట్టుకున్నారు?"

"నాకేం తెలుసమ్మా, నేను నీళ్ళవాణ్ణి," అన్నాడు నాన్న.

"మరి టిఫిను తింటున్నంతసేపూ 'కారు కింద ఓసారి చూడమ్మా, ఎందుకైనా మంచిది' అని ఎందుకు నా ప్రాణం తీశావు?"

"తండ్రన్నాక జాగ్రత్త చెప్పడా?"

అల్లుడు మామ వంక చూశాడు. ఒక అడుగు ముందుకేశాడు. "నేనే," అన్నాడు.

"దేంతో బిగించావు?"

"అదే... మామూలు పానాతో."

ఆమె బోల్టు తలను బొటనవేలితో తడిమింది. పదునైన పళ్ళతో కొరికినట్టు గాట్లు. మధ్యలో ఒకచోట ఒక పన్ను ఎగిరిపోయినట్టు ఖాళీ. మామూలు పానాకు పళ్ళుండవు. బోల్టును జేబులో వేసుకుంది.

"విచారణ తర్వాత. ముందు రంధ్రం సంగతి చూద్దాం. నువ్వు లైటు పట్టుకో. నాన్నా, నువ్వు ఏదీ ముట్టుకోకు."

గేరుబాక్సు కింద చెక్క పెట్టి, జాకీతో పైకెత్తి, బరువంతా దాని మీద ఆన్చింది. గేరుబాక్సును కారుకు పట్టి ఉంచే మౌంటు విప్పి పక్కన పెట్టింది.

"ఇంకాస్త లావు బోల్టు దిగగొడితే సరిపోదూ?" నాన్న వంగి చూశాడు.

"ఇది కుళాయి కాదు నాన్నా. రంధ్రాన్ని కాస్త పెద్దది చేసి, కొత్త మరలు కోసి, అందులో ఉక్కు తీగ చుట్ట ఎక్కించాలి. అప్పుడు పాత సైజు బోల్టే పడుతుంది, ముందుకన్నా గట్టిగా. డ్రిల్లు లోతు తప్పిందంటే మాత్రం గేరుబాక్సుకే చిల్లు. నూనె నా మొహాన పడుతుంది, అమ్మ బస్సులో వెళ్తుంది." చెయ్యి చాపింది. "టేపు."

నాన్న చెయ్యి దానంతటదే చొక్కా జేబులోకి వెళ్ళి తెల్ల టేపు తీసిచ్చింది. ఇచ్చాక నాలిక కరుచుకున్నాడు.

ఆమె ఆ టేపు వంక ఓసారి, నాన్న వంక ఓసారి చూసింది. డ్రిల్లు బిట్టు మీద లోతు కొలిచి, అక్కడ టేపు చుట్టింది. డ్రిల్లు గుర్రుమంది. పోగులు రాలాయి. టేపు అంచు రంధ్రం మూతిని తాకబోతుండగా ఆపేసింది. నూనె రాలేదు. అల్లుడు లైటు ఇంకాస్త దగ్గరికి జరిపాడు.

లోపల దులిపి, మరలు కోసే ట్యాపు పెట్టింది. కాస్త ముందుకు, కాస్త వెనక్కి. తొందరపడితే ట్యాపు లోపలే విరుగుతుంది. తర్వాత తీగ చుట్టను మెల్లగా తిప్పి దింపింది. తిప్పడానికి పట్టుగా దాని కొసనున్న చిన్న తోకను సన్నటి ఊచతో టక్కున విరిచి, గ్రీజు రాసిన స్క్రూడ్రైవరు మొనకు అంటించి బయటికి లాగింది.

మౌంటు పెట్టి, కొత్త బోల్టు అందుకుంది. వేళ్ళతోనే తిప్పింది. అడ్డు లేకుండా, వెన్నలో దిగినట్టు కడదాకా దిగింది. ఆమె మొహం విప్పారింది. మిగతా రెండూ సరిచూసి, బిగువు కొలిచే రెంచీ తగిలించి, ఇక చాలని అది చప్పుడు చేసేదాకా తిప్పింది. టక్!

"అంతేనా?" నాన్న ఆగలేకపోయాడు. "ఇంకో పావు చుట్టు..."

కూతురూ అల్లుడూ ఒక్కసారే తల తిప్పి చూశారు.

"ఊరికే అన్నానర్రా," అంటూ మళ్ళీ క్యాలెండరు దగ్గరికెళ్ళాడు.

సీటు వెనక్కి జరక్కపోతే, టైము లేదని అమ్మ అలాగే స్టీరింగు ముందు కూర్చుంది. పక్క సీట్లో కూతురు. కారు గుమ్మం దాటుతుంటే నాన్న వెనకాలే నాలుగడుగులు పరిగెత్తాడు. "పిల్లి అడ్డమొస్తే హారను కొట్టు!"

"హారను కొడితే అది జడుసుకోదూ?" అంది అమ్మ, గేరు మారుస్తూ. కిర్రుమనలేదు, కుదపలేదు.

సాయంత్రం ఎండ వాలుతుండగా వీధి మలుపులోంచి హారను మోత మొదలై షెడ్డు దాకా ఆగలేదు. అమ్మ కిటికీలోంచి కాగితం ఊపుతోంది. "పాసయ్యాను! ఆఫీసరు నవ్వాడు కూడా!"

అల్లుడు ఈల వేశాడు. నాన్న కళ్ళు తుడుచుకుని, దుమ్ము పడిందన్నాడు.

మెకానిక్ జేబులోంచి పాత బోల్టు తీసి అమ్మ అరచేతిలో పెట్టింది. "పొద్దున ఇది ఊడిపోయిందమ్మా. నీ కంగారు చూసి చెప్పలేదు. నేనే చేశానంటున్నాడు మీ అల్లుడు."

అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పింది. గాట్ల మీద చూపు ఆగింది. పెదవులు బిగించినా నవ్వు ఆగలేదు.

"పాపం, అల్లుడికేం తెలుసు? ఈ రెంచీ పళ్ళు నాకు తెలుసు. మధ్యలో ఒకటి ఊడిన పళ్ళు. నా వంటింట్లో ప్రతి డబ్బా మూత మీదా ఇవే గాట్లు. చీమ దూరకూడదని ఈయన బిగిస్తారు, తెరవలేక నేను చస్తాను." భర్త వైపు తిరిగింది. "ఏమండీ?"

నాన్న క్యాలెండరు వంక చూడలేదు ఈసారి.

"నేనేనే. నిన్న నువ్వు గేరు మారుస్తుంటే కింద ఏదో టకటకమంది. ఒంటరిగా వ్యాను తోలబోతున్నావు, నీ బండిలో ఏదీ వదులుగా ఉండకూడదనిపించింది. టేపు చుట్టాను, పైపు రెంచీతో పట్టాను. గట్టిగానే పట్టింది. ఇంకో పావు చుట్టు అనుకున్నాను. కరకరమని, ఒక్కసారిగా తేలికైపోయింది... నా పై ప్రాణాలు పైనే పోయాయి. అమ్మాయి చూస్తే బాగుచేస్తుందని టిఫిను దగ్గర దాని వెంటపడ్డాను గానీ, నేనే చేశానని నోరు పెగల్లేదు. తెలిస్తే నన్నింక నీ బండి ఛాయలకే రానివ్వవని భయం. ఎలాగూ దొరికిపోయాను గనక ఇంకోటి కూడా చెప్పేస్తున్నాను, విను. నీ సీటు కింద బోల్టులు కూడా ఓ పట్టు పట్టాను. అందుకే పొద్దుట్నుంచీ అది వెనక్కి జరగడం లేదు."