పరుగెత్తిన రక్తం

సూది కనబడగానే లుయాండో గుక్కపట్టాడు. జ్వరం తగ్గినా పిల్లాడు తేరుకోలేదని తల్లి చోల్వే వాణ్ణి వీపున కట్టుకుని, ఆడపడుచు బీన్జూతో కలిసి కొండ దిగి గ్వెంబే లోయలోని ఆస్పత్రికి నడిచొచ్చింది.

"ముందు నాకు గుచ్చన్నా. చూసి వాడే ఊరుకుంటాడు" అంది.

రక్తపరీక్షలు చేసే హమూంగా ఆమె వేలు గుచ్చి, సన్నటి గాజుగొట్టం కొసను రక్తపు చుక్కకు ఆనించాడు. ఎవరూ పీల్చలేదు, ఊదలేదు. రక్తం దానంతటదే గొట్టంలోకి ఎక్కిపోయింది. లుయాండో ఏడుపు మాని నోరు తెరిచాడు.

"అమ్మో! దాన్నెవరు లాగుతున్నారు?" అంది బీన్జూ.

"ఎవరూ లాగరు. గొట్టం ఇంత సన్నగా ఉంటే రక్తమే గాజుని పట్టుకుని పాకుతుంది."

పిల్లాడు తనంతట తనే వేలు చాచాడు. వాడి రక్తం నింపాదిగా ఎక్కింది.

"వీడిది మా అన్న బద్ధకమే! నీది చూడు వదినా, బస్సు వెళ్ళిపోతున్నట్టు పరుగెత్తింది."

చోల్వే పకపకా నవ్వింది. హమూంగా నవ్వలేదు. రెండు గొట్టాలనూ యంత్రంలో పెట్టి గిర్రున తిప్పాడు. బయటికి తీసేసరికి పిల్లాడి గొట్టంలో ఎరుపు బాగానే పేరుకుంది. చోల్వే గొట్టంలో మాత్రం అడుగున కాస్తంత ఎరుపు, పైనంతా పసుపచ్చటి నీరు.

"తారుమారయ్యాయన్నా" అంది చోల్వే.

"లేదమ్మా, నీదే. పలచబడింది కాబట్టే అలా పరుగెత్తింది. పిల్లాడికి భయం లేదు. నువ్వు కూర్చో. లేవకు."

చోల్వే బల్ల మీద కూర్చుంది. దారి పొడవునా కొడుకు గురించి చెడ్డమాట వినడానికే మనసు గట్టి చేసుకుంది. తన గురించి వినాల్సొస్తుందని కలలో కూడా అనుకోలేదు. కొండదారిలో కళ్ళు తిరిగితే ఎండ అనుకుంది.

"నెలసరి ఆగట్లేదు" అంది గొణుగుతున్నట్టు. "ఎవరికీ చెప్పలేదు."

"నాకైనా చెప్పలేదేం వదినా? నోరు పడిపోయిందా?" అని అరిచి, బీన్జూ భోరుమంది. ఏడుస్తూనే చెయ్యి చాపింది. "నాది తియ్యండి. ఎంత కావాలంటే అంత తియ్యండి."

అదృష్టం, ఆమె రక్తం సరిపడింది. చీకటి పడేలోపే అది చోల్వే ఒంట్లోకి ఎక్కసాగింది. తర్వాత పెద్దాస్పత్రికి తీసుకెళ్ళి అంత రక్తం పోవడానికి కారణమైన గర్భసంచిలోని కణితి తీసేశారు.

కోలుకున్నాక కూడా చోల్వే మళ్ళీ పాలిపోయాయేమోనని మాటిమాటికీ అరచేతులు తిప్పి చూసుకునేది. ఒకరోజు ఉన్నట్టుండి అడిగింది.

"బీన్జూ, నేను చచ్చిపోయేదాన్ని కదూ?"

"అవును" అంది బీన్జూ, చేపలు ఆరేస్తూ. "ఇంకోసారి ఇలాంటిది దాచావంటే నేనే చంపుతా."