రికాబులు ఇడిసిన పందెం

తెలంగాణ వచ్చి నాలుగేండ్లు అయ్యుంటది, అచ్చంపేట పక్కన రాళ్లగడ్డ మీద గుర్రాల పందెం పెట్టిన్రు. కట్టుబాటు ఒక్కటే: ఓడినోని గుర్రం గెలిచినోనిది. నరసింహ ఎందుకు ఒప్పుకున్నడంటరా? పట్నం మైదానంల ఆరేండ్లు జాకీ పని చేసిండు, గా పొగరు. కని ఎక్కింది మాత్రం ఇంటి గుర్రాన్ని. పుట్టంగనే తల్లి సచ్చిన గుర్రప్పిల్ల అది, నరసింహ నాయినమ్మ బీరమ్మ గొర్రెపాలు తాపి సాకింది.

"అది పోతే నా మొకం సూడకు బిడ్డా," అన్నది బీరమ్మ.

"పోదవ్వా. వీండ్లకు జీను మీద కూసునుడే రాదు."

మూడు సుట్లు తిరగాలె. ఎదురోడు విజేందర్, ఆ గడ్డ మీద ఓటమెరగనోడు.

పట్నంల నేర్పింది ఏంది? పాదాలు పెట్టే రికాబులు పొట్టిగ కట్టి, పిర్రలు లేపి, గుర్రం మెడ మీదికి ఒంగుడు. గడ్డి మీద గది బాణంలెక్క పోతది. ఈడ రాళ్లాయె. మొదటి సుట్టుల బండ మలుపు కాడ గుర్రం కాలు జారంగనే నరసింహ గాల్ల ఊగిండు. గప్పుడే విజేందర్ చెర్నాకోల మొకం మీద పడ్డది. కన్ను పక్కన తోలు సీరింది. రెండో దెబ్బకు పెదవి పగిలింది, పన్ను ఊసిండు.

"ఏం జాకీవిర, కల్లు తాగినోని లెక్క ఊగుతున్నవ్," అన్నడు విజేందర్.

పట్నంల గిట్ల కొట్టినోన్ని అప్పుడే పందెంలకెల్లి ఎల్లగొడ్తరు. ఈడ మంది సీటీలేసుకుంట ఫోన్లల్ల తీస్తున్నరు.

రెండో సుట్టుల నరసింహ రికాబులు ఇడిసిండు. గొర్ల ఎంబడి తిరిగిన వయసుల జీను లేకుంట కూసున్నట్టే బరువంత కిందికేసి, తొడలతోని గుర్రం పక్కలు ఒత్తిపట్టిండు. పగ్గం ఒక్క చేతికి తీసిండు. దెబ్బలు పడుతనే ఉన్నయి, నెత్తురు కంట్లకు కారుతనే ఉన్నది. కని ఊగలె.

మూడో సుట్టు, మళ్ల బండ మలుపు. విజేందర్ చెయ్యి లేపిండు. నరసింహ జరగలె, మీదికే తోలి చెర్నాకోల దొరకవట్టి గుంజిండు. ఈడోళ్లు అది జారకుంట మణికట్టుకు ముడేసుకుంటరు. గా ముడే వాని కొంపముంచింది. ఇడుద్దామంటే రాలె. మనిషి ఎగిరి బండకు కొట్టుకున్నడు. మోకాలు ఇరిగిన సప్పుడు మందికి ఇనవడ్డది.

గీత దాటి నరసింహ ఎనుకకొచ్చిండు. విజేందర్ కాలెముక పంచె చింపుకొని బయటికొచ్చి ఉన్నది.

"గిది ఏడ నేర్చినవ్ర?" అన్నడు పండ్లు కొరుక్కుంట.

"నీ దగ్గర్నే. జరసేపైంది."

వాన్ని ఆటోల దవాఖానకు తీస్కపోయిన్రు. మందిలకెల్లి వచ్చిన బీరమ్మ మనుమని మొకం దిక్కు సూడలె, తన గుర్రం నాలుగు కాళ్లు తడిమింది. విజేందర్ గుర్రం ఆ నెత్తురు కాడనే నిలవడ్డది, పగ్గం గుంజితే రాలె. నరసింహ దాన్ని ఆడ పడ్డ విజేందర్ చెర్నాకోలతోని రెండు సరిసిండు. గప్పుడు కదిలింది.