లెన్సుకు మసక పట్టిందని

ఒసాకా మొత్తం గాలించినా అలాంటి లెన్సు మరొకటి దొరకదని కురమోచి గట్టి నమ్మకం. అరవై ఏళ్ళ కిందటిది, పిడికిట్లో పట్టనంత గాజు. ఒక్క దీపం వెలిగే బార్‌లోనైనా ఫ్లాష్ లేకుండా ఫోటో తీస్తుంది. కనురెప్పల వెంట్రుకలు విడివిడిగా కనిపిస్తాయి, చెవుల దగ్గరికొచ్చేసరికి మనిషి పొగమంచులో కరిగిపోతాడు. కొత్త లెన్సులు ఇంతకన్నా శుభ్రంగానే తీస్తాయి గానీ, ఆ మెత్తదనం వాటికి రాదు.

భార్య తోమిఎను కూడా దాన్ని ముట్టనిచ్చేవాడు కాదు. చిన్ననాటి స్నేహితుడు హచిసుక వేడినీటి ఊటల ఊరికి వెళ్తూ అడిగితే మాత్రం కాదనలేకపోయాడు.

లెన్సు తిరిగొచ్చాక కెమెరాకు బిగించి చూశాడు. దీపాల చుట్టూ పాలు ఒలికినట్టు మసక. లోపల తేమ చేరి బూజు పట్టిందంటే ఇక ఆ గాజు ఆశ వదులుకోవలసిందే. వెంటనే హచిసుకకు ఫోన్ చేశాడు.

"ఆవిర్లోకి తీసుకెళ్ళావు కదూ?"

"లేదోయ్! బయట అరుగు మీద ఒకటి రెండు తీశానంతే. గాలికి ఆవిరి కాస్త తగిలిందేమో..."

"చాలు. ఇంకెప్పుడూ నాకు ఫోన్ చెయ్యకు!"

పక్కనుంచి వింటున్న తోమిఎ ఊరుకోలేదు. "గాజు పోతే పోయింది, మనిషిని కూడా పారేసుకుంటారా? పదండి, ముందు కొట్లో చూపిద్దాం."

వారం రోజులు పోరితే గానీ కురమోచి కదల్లేదు. పాత కెమెరాల కొట్టు నడిపే ఓగినో అనే ఆవిడ టార్చి వేసి లెన్సును ఇటూ అటూ తిప్పింది. "ఏమీ లేదండీ. ఒక్క చుక్క కూడా లేదు."

"ఎందుకు లేదు? ఇదిగో, చూడండి!" కురమోచి దాన్ని కెమెరాకు బిగించి కన్ను ఆనించాడు. అదే మసక.

తోమిఎ కెమెరా లాక్కుని చూసింది. "నాకు కడిగినట్టు కనపడుతోంది. మీరు ఏ కన్ను పెడుతున్నారు?"

"కుడిదే. ఎప్పుడూ కుడిదే కదా."

"ఎడమది పెట్టండి."

పెట్టాడు. ఎదుటి వీధిలోని బోర్డు మీద అక్షరాలు తళతళలాడాయి. కెమెరా దించేసి ఎడమ కన్ను మూసుకున్నాడు. కొట్టంతా మంచు కమ్మినట్టుంది.

"శుక్లం అయ్యుంటుందండీ, డాక్టరుకు చూపించండి. మా నాన్నకూ ఇలాగే వచ్చింది," అంది ఓగినో.

"హమ్మయ్య! కన్నేనా!" కురమోచి కుర్చీలో కూలబడ్డాడు. "లెన్సేమోనని చచ్చిపోయాను."

"విన్నారా! కన్నుకు పొర కమ్మిందంటే పండగ చేసుకుంటున్నాడీ మనిషి!"

"కంటికైతే ఆపరేషన్ ఉంది తోమిఎ. దీనికి గాజు ఎవరు పోస్తారు?"

నవ్వు ముగిసేలోగా హచిసుక గుర్తొచ్చి, మొహం వాడిపోయింది. అట్నుంచి అటే రైలెక్కి అతని ఇంటికి వెళ్ళాడు.

హచిసుక గడ్డం పెరిగి ఉన్నాడు. "ఇంకా తిట్టాల్సింది మిగిలిందా?"

కురమోచి నడుం వంచి తల దించాడు. "లెన్సు నిక్షేపంగా ఉంది. పాడైంది నా కన్ను. నన్ను క్షమించరా."

"నా వల్ల కాదా?"

"కాదు."

హచిసుక గడప మీదే కూర్చుని చొక్కా చేతితో మొహం తుడుచుకున్నాడు. అప్పుడందుకున్నాడు. "ముసలి దద్దమ్మా! నాకు అన్నం సయిస్తే ఒట్టు! ఆ అరుగు మీదికి ఎందుకెళ్ళానా అని రోజూ ఏడ్చాను!"

అన్నీ తిట్లే. కురమోచికి ప్రాణం లేచొచ్చింది. తర్వాత ఇద్దరూ సందు చివర కొట్లో బీరు తాగుతూ, వేడివేడి ఆక్టోపస్ ఉండలు ఊదుకుంటూ తిన్నారు. ఆపరేషన్ రోజున ఆసుపత్రికి తోడుగా వస్తానని హచిసుక తనంత తనే అన్నాడు.