ఒక చేప ఎక్కువ

ప్రతి శనివారం మధ్యాహ్నం పడవలు ఒడ్డుకు రాగానే లమేక ముందుగా చేతులు కడుక్కుంటాడు. తర్వాత ఇసుక మీద కొబ్బరాకులు పరుస్తాడు. ఆకు వంకరగా పడితే తీసి మళ్లీ వేస్తాడు. అప్పుడు ఒక్కొక్కరి పేరూ పిలుస్తూ వాటాలు పెడతాడు. దీవిలో ఎవరు పట్టిన చేపైనా అందరిదీ. తలకొకటి. పంచే పని పద్దెనిమిదేళ్లుగా అతనిదే.

"నువ్వు పరిచేసరికి చేపలు లేచి నడిచిపోతాయి" అని పక్కింటి మేతా ప్రతిసారీ ఎగతాళి చేసేది. "అయినా లెక్కెందుకయ్యా? సముద్రం లెక్క ఎప్పుడైనా తప్పిందా?"

తప్పలేదు. దీవికి ఎందరు మనుషులుంటే అన్ని చేపలు పడవల్లో పడగానే సముద్రం నోరు మూసుకుంటుంది. అలలు వస్తూనే ఉంటాయి, పగడపు గట్టు మీద విరుగుతూనే ఉంటాయి, చప్పుడు మాత్రం ఉండదు. వేటగాళ్లు గాలాలు చుట్టేసి వెనక్కి తిరుగుతారు. చివరి చేప చివరి మనిషి చేతికి అందాక హోరు మళ్లీ మొదలవుతుంది. మేతాకి మనవరాలు పుట్టిన పూట ఒకటి ఎక్కువ పడింది. ముసలి హకాయి పోయిన మర్నాడు ఒకటి తగ్గింది. పొద్దు పొడవడంలాగే అదీను.

అయినా లమేక లెక్కపెట్టేవాడు. పేరు పిలిచి చేప పెడితే ఆ మనిషిని ఒక్కసారి నిండుగా తలుచుకున్నట్టని అతని నమ్మకం.

ఆ శనివారం మాత్రం పేర్లు పిలవాలంటే అతనికి మనసొప్పడం లేదు. తమ్ముడు ఫెలేతి ఒంటరిగా చిన్న పడవ వేసుకుని వెళ్లి పదహారు రోజులైంది. ఆ పదహారు రోజులూ ఊళ్లో వేట ఊసే లేదు. మోటారు పడవలన్నీ వెతకడానికే వెళ్లాయి. జనం కొబ్బరీ, డబ్బా మాంసమూ తిని రోజులు నెట్టారు. ఇక పెట్రోలు ఒక్క డ్రమ్ము మిగిలింది. సరుకులు తెచ్చే ఓడ రావడానికి ఇంకా తొమ్మిది రోజులుంది. ఈలోగా ఎవరికైనా ప్రాణం మీదికొస్తే పక్క దీవి ఆసుపత్రికి చేర్చడానికి ఆ డ్రమ్మే దిక్కు.

పొద్దున్నే ఊరిపెద్ద కోలో తాత వచ్చి లమేక గుమ్మంలో చతికిలబడ్డాడు.

"ఇక చాలురా అబ్బాయ్. ఎక్కడ ఆగాలో తెలియకపోతే ఉన్నవాళ్లను కూడా పోగొట్టుకుంటాం."

"తెలుసు తాతా."

"సాయంత్రం చర్చిలో వాడి ఆత్మశాంతికి ప్రార్థన. ఇవాళ తెడ్డు పడవలు వేటకెళ్తాయి. పంపకంలో వాడి పేరు పిలవకు."

లమేక సరేనన్నాడు. చాలు అనే మాటంటే అతనికి జీవితమంతా ఇష్టమే. అది ఇంత చేదుగా ఉంటుందని ఆ పొద్దునే తెలిసింది.

మధ్యాహ్నానికి సముద్రం ఊరుకుంది, పడవలు వచ్చాయి. లమేక నూట నలభై రెండు పేర్లు పిలిచాడు. ఆఖరున నల్లగౌను వేసుకున్న తమ్ముడి భార్య తెరేసియాకీ, ఆమె పిల్లలిద్దరికీ పెట్టాడు. బుట్టలో ఇంకొక చేప ఉంది.

"ఎవరినో మరిచావు" అంది మేతా.

అన్నీ వెనక్కి తీసి మళ్లీ పంచాడు. మళ్లీ ఒకటి మిగిలింది.

"ఎవరికైనా ప్రసవమైందా? మేతా, నీ చిన్న కోడలు?"

"దానికింకా నాలుగో నెలేగా!"

"చుట్టాలెవరైనా వచ్చారేమో."

"ఓడ రాకుండా ఎలా వస్తారు, ఈదుకుంటూనా?"

లమేక మూడోసారి మొదలుపెట్టాడు. పిలిచిన ప్రతి మనిషీ ముందుకొచ్చి తన చేప పట్టుకుని నిలబడ్డాడు. అందరి చేతులూ నిండాయి. బుట్టలో ఒక చేప, వెనక అంత పెద్ద సముద్రం తెల్లగా లేచి పడుతూ, చప్పుడు లేకుండా. అందరికీ ఒకటే తట్టింది. మనసులో మాట పైకి అనడానికి మాత్రం ఎవరికీ ధైర్యం చాల్లేదు.

తెరేసియా వచ్చి ఆ చేప తీసి గుండెలకు ఆనించుకుంది. "ఇదెవరిది బావగారూ?"

లమేక కోలో తాత వైపు చూశాడు. ముసలాయన ప్రార్థన కోసం వేసుకున్న కోటు విప్పి ఇసుక మీద పడేశాడు.

"పిలువు" అన్నాడు.

"ఫెలేతీ!" అని లమేక గొంతెత్తి పిలిచాడు.

"డ్రమ్ము దొర్లించండి" అన్నాడు కోలో తాత.

"మరి ఎవరికైనా జబ్బు చేస్తే?" అని అడిగారెవరో.

"చేయకూడదు! తొమ్మిది రోజులు ఎవరికీ జబ్బు చేయకూడదు, అంతే!"

లమేక ఆ చేపను ఆకులో చుట్టాడు. తన పద్ధతిలోనే, నెమ్మదిగా, ఈనె తిన్నగా ఉందో లేదో చూసుకుని. ఈసారి ఎవరూ ఎగతాళి చేయలేదు. దాన్ని పడవ నడిపే ఇయోపు చేతిలో పెట్టాడు.

"కాసేపటికోసారి ఇంజను ఆపి చెవులు పెట్టు. వాడి వాటా వాడికి అందేదాకా సముద్రం మాట్లాడదు. మనిషి మూలిగినా వినబడుతుంది."

ఆ సాయంత్రం చర్చిలో ప్రార్థన జరగలేదు. ఆదివారం పొద్దున గంట మోగితే అందరూ ఉలిక్కిపడ్డారు, అంత నిశ్శబ్దంగా ఉంది. ప్రార్థన ముగిశాక ఎవరూ ఇళ్లకు వెళ్లలేదు. ఇసుక మీద కూర్చున్నారు. పసిపిల్లలు కూడా అల్లరి మానేశారు. తెరేసియా పక్కన లమేక ఊరికే కూర్చున్నాడు, దేన్నీ లెక్కపెట్టకుండా.

మిట్టమధ్యాహ్నం దాటాక గట్టు మీద ఒక అల విరిగింది. దాని చప్పుడు వినబడింది.

ఆ వెనకే ఇంకోటి. ఆపైన సముద్రమంతా ఒక్కసారి గొంతు విప్పింది. చెట్ల మీది పక్షులన్నీ లేచాయి. ఒడ్డున జనమంతా లేచి నిలబడ్డారు. కోలో తాత రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. తెరేసియా లమేక చెయ్యి పట్టుకుని ఏడుస్తూ, నవ్వుతూ, మళ్లీ ఏడుస్తూ అంది:

"పచ్చిదే తినేసినట్టున్నాడు బావగారూ... కలుపుకోవడానికి కాసిని కొబ్బరిపాలైనా పంపలేదు మనం."