తుమ్మ అని రాయించిన గుంజ

బీమా కంపెనీ మనిషి టేపు పట్టుకుని ఇంట్లోకి రాగానే అమృతమ్మకు రజాకార్ల కాలం గుర్తొచ్చింది. అప్పుడూ ఇట్లాగే ఎవరో వచ్చి, ఇల్లంతా కలియజూసి, ఏమేమి ఉన్నాయో అడిగి పోయారు. వారం తిరక్కుండా పశువులను తోలుకుపోయారు. వాటి వెనక పరుగెత్తిన పెనిమిటి మళ్లీ రాలేదు. ఎవరు అడిగినా ఇంటి విలువ తక్కువ చెప్పాలన్నది అప్పటి నుంచి ఆమెకు ఒంటబట్టిన విద్య.

హాలియాలో ఆమె పెద్దకొడుకు రామచంద్రం ముందు కొట్టంలో ఆముదాల బస్తాలు నిలవ పెడతాడు. నిప్పు భయానికి ఇంటికి బీమా చేయిద్దామన్నది అతని ఆలోచనే.

వచ్చినాయన గోడలు కొలిచి, తలెత్తి, సున్నం పూసిన దూలాలను చూశాడు.

"ఏం కట్టె పెద్దమ్మా ఇది?"

"తుమ్మనే నాయినా. గరీబోళ్లం, మా దగ్గర ఇంకేముంటది?"

"ఎంతకు కొన్నరు?"

"కొనలే. ఉత్తగనే వచ్చింది."

"నీకు ఎంతకొచ్చిందని కాదు. రేపు ఇల్లు కాలిపోతే, మళ్ల గిట్లనే కట్టాలంటే ఎంతయితదో గది చెప్పాలె. బీమా దానికే."

"కాలాలని మొక్కుతున్నవా ఏంది? నీ నోట్లె మన్ను పొయ్య!"

ఆయన నవ్వి, తుమ్మ అని రాసుకున్నాడు. తక్కువ రాస్తే ఏటేటా కట్టేది తగ్గుతుందని రామచంద్రమూ నోరు మెదపలేదు.

నిజానికి ఆ దూలాలూ గుంజలూ టేకువి. నందికొండకు ఎగువన, కృష్ణ ఒడ్డున ఉన్న ఆమె పుట్టినూరిని డ్యాం కోసం ఖాళీ చేయించినప్పుడు అన్నలు ఇల్లు విప్పి, చెల్లెలి వంతు అని రెండు బండ్ల కట్టె పంపారు. తర్వాత తలో దిక్కు పోయారు. ఒక గుంజకు నడుమెత్తున చుట్టూ గాడి ఉండేది. తల్లి ఏండ్ల తరబడి కవ్వం తాడు కట్టి చల్ల చిలికితే పడ్డ గాడి అది. అమృతమ్మ కూడా అక్కడే తాడు కట్టేది. ఆ కట్టె మళ్లీ తేవాలంటే ఎంతవుతుందని అడిగితే ఏం చెప్పాలి? ఊరే నీళ్ల పాలయ్యే.

మూడో ఎండాకాలం, పట్టపగలు, ఆముదాల బస్తాలు అంటుకున్నాయి. కొట్టమూ, దాని వెనక కొడుకులిద్దరి కాపురాలున్న రెండు అర్రలూ కప్పుతో సహా కూలాయి. వంటిల్లు, దాని పంచలోని చల్ల గుంజ మిగిలాయి.

చిన్నకొడుకు చెన్నయ్య అదే రోజు చెప్పేశాడు. "రెండు అర్రలు లేస్తే ఉంటమమ్మా. లేకుంటే నందికొండకు పోత. ఆడ పనుంది, కిరాయిండ్లు దొరుకుతున్నయట. పిల్లలను చెట్ల కింద ఎన్నొద్దులు పండబెట్టాలె?"

మర్నాడు రామచంద్రం బియ్యం మిల్లు గుమాస్తాను అడిగి మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"టేకు అని తేలితే ఇల్లు రెండింతల విలువదయితదట. సగానికే బీమా చేసినట్టట. కట్టె తప్పు రాయించిన్రని పైకమే ఇయ్యరట. తుమ్మ అంటేనే తుమ్మ లెక్కన పూర్తిగ వస్తది."

కాలి మిగిలిన మొద్దులన్నీ అన్నదమ్ములు వాగులో పడేసి వచ్చారు. గుంజ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయారు.

"దీన్ని ఏడనన్న దాద్దామా?" అన్నాడు చెన్నయ్య, తల్లి మొహం చూడకుండా.

"దాస్తే ఊర్లె ఎవడో ఒకడు చెప్తడు," అన్నాడు రామచంద్రం.

"పంచకు వేరే కట్టె పోటు పెట్టి, దీన్ని కోసియ్యుండ్రి," అంది అమృతమ్మ. "పొయ్యిల నేనే పెడత."

స్నానాల నీళ్ల కాగు కింద ఒక్కో ముక్కా కాల్చింది. గాడి ఉన్న ముక్కను మాత్రం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బీమా మనిషి వచ్చే నల్గొండ బస్సు హారను వినబడ్డాక దాన్నీ పొయ్యిలోకి నెట్టింది.

ఆ మనిషే వచ్చాడు. కాలిన గోడలు కొలిచి, పొయ్యి దగ్గర నిలబడ్డాడు. ఆ పొగ తుమ్మ పొగలా లేదు.

"తుమ్మనేనా పెద్దమ్మా?"

"తుమ్మనే."

"ఆనాడు నేను అడిగింది నీ మేలుకే," అన్నాడు. జేబులోంచి కలం తీసి, తుమ్మ అనే రాసుకుని పోయాడు.

పైకం పూర్తిగానే వచ్చింది. కాని ఆ ఏడే కాలువకు నీళ్లొచ్చాయి, చుట్టుపక్కల అందరూ ఇండ్లు కట్టుకుంటున్నారు. కట్టెపని చేసే వడ్లాయన కూలీ పెరిగింది, పెంకుల ధర పెరిగింది, తుమ్మకట్టె కూడా పిరమయింది. అంచనా మాత్రం రెండేండ్ల కిందటిది. ఒక అర్ర లేచింది. రెండోది మొలెత్తు గోడల దగ్గర ఆగిపోయింది.

చెన్నయ్య బండి మాట్లాడుకున్నాడు. అతని భార్య మంజులత సామాను కట్టే ముందు గిన్నెలు తోముతోంది.

"అత్తా, జర బూడిద ఇయ్యి."

ఆనాటి పొయ్యి బూడిదను అమృతమ్మ పెంటకుప్పలో పోయనివ్వలేదు, కుండకెత్తి దాచింది. ఆ కుండ తెచ్చి పిడికెడు తీసింది.

"ఇంకింత పొయ్యత్తా. గంజు మసి పోతలేదు."

కుండలో మిగిలిందంతా పోసింది. గిన్నెలు తళతళలాడుతూ బండెక్కాయి.

"నెలకొక్కపారన్న వస్తనమ్మా," అన్నాడు చెన్నయ్య.

అన్నలూ అదే మాట అని వెళ్లారు. అమృతమ్మ తలూపి, ఖాళీ కుండను బోర్లించి అడుగున తట్టింది.